బీబీ (బాటమ్ బ్రాకెట్, పెడళ్ల మధ్య ఇరుసు తిరిగే భాగం) బేరింగులు పోయినట్టున్నాయి, ఇంట్లో మార్చుకోగలనా?

సగంపెడల్ | నల్లగండ్ల, హైదరాబాద్ | శనివారం ఉదయం 7.40

అందరికీ నమస్తే. నా హైబ్రిడ్ సైకిలుకు ఆరేళ్లు నిండాయి. ఆఫీసుకు పోను 11 కిలోమీటర్లు, రాను 11. ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ మీద ఒక రౌండు. రెండు వారాలుగా తొక్కుతుంటే కాళ్ల కింద గరగరలాడుతోంది. ఎత్తు ఎక్కేటప్పుడు దానికి తోడు టక్ టక్ అని ఇంకో శబ్దం.

నిన్న ఒక షాపులో చూపించాను. కుర్రాడు క్రాంక్ (పెడలు బిగించే కడ్డీ) పట్టుకుని ఒక్కసారి ఊపి, "మొత్తం క్రాంక్ సెట్టే మార్చాలి సార్" అన్నాడు. ధర విన్నాక సైకిలు అక్కడే వదిలేసి ఆటోలో ఇంటికొచ్చేద్దామనిపించింది.

నా దగ్గర అలెన్ కీల సెట్టు, ఒక అడ్జస్టబుల్ పానా, సుత్తి ఉన్నాయి. పంక్చరు నేనే వేసుకుంటాను, చైను ఒకసారి మార్చాను. అంతకుమించి చెయ్యి పెట్టలేదు. ఈ పని నావల్ల అవుతుందా?


గాలిపంపు | హన్మకొండ | శనివారం ఉదయం 8.05

అన్నా, ముందు డబ్ల్యూడీ-40 కొట్టి చూడు. మాది అట్లనే పోయింది.


ఫిట్టర్_బాబాయ్ | సికింద్రాబాద్ | శనివారం ఉదయం 9.20

గాలిపంపూ, నీది పోలేదు నాయనా, రెండు రోజులు నోరు మూసుకుంది అంతే. ఆ స్ప్రే పలచటి నూనె. సందుల్లోంచి లోపలికి దిగితే ఉన్న కాస్త గ్రీజునూ కరిగించి బయటికి తెస్తుంది. బిగుసుకున్న నట్టు విప్పడానికి పనికొస్తుంది కానీ బేరింగుకి మందు కాదు.

సగంపెడల్ గారూ, ఏదీ కొనకండి. ముందు రోగం ఏమిటో చూద్దాం. ముప్పై నాలుగేళ్లు వర్క్‌షాపులో ఫిట్టర్‌గా చేశాను. శబ్దం ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా పార్టు మార్చినవాళ్లే మళ్లీ వచ్చేవాళ్లు.

చైనుని ముందు చైన్ వీలు మీద నుంచి దించి లోపలివైపు వదిలేయండి. ఇప్పుడు క్రాంక్‌కి ఏ బరువూ లేదు. ఒక అరచెయ్యి సీటు కింది గొట్టం మీద పెట్టి, రెండో చేత్తో క్రాంక్‌ని మెల్లగా తిప్పండి. బేరింగు బాగుంటే చేతికి ఏమీ తెలియదు. పాడైతే ఇసకలో తిరుగుతున్నట్టు ఆ గొట్టం గుండా అరచేతికి తెలుస్తుంది. చెవికంటే అరచెయ్యే నిజం చెబుతుంది.

తర్వాత కుడి క్రాంక్ చివర పట్టుకుని ఫ్రేము వైపుకి, బయటికి ఊపండి. అది కదిలినప్పుడు ఎడమ క్రాంక్ కూడా దానితోపాటు కదిలితే ఇరుసే ఊగుతోంది, అంటే బీబీ పోయింది. ఒక్క క్రాంకే ఊగి రెండోది కదలకపోతే బేరింగు తప్పు కాదు, ఆ క్రాంక్ బోల్టు వదులైంది. అలా వదులు క్రాంక్‌తో తొక్కకండి. ఇరుసేమో గట్టి ఉక్కు, క్రాంకేమో మెత్తటి అల్యూమినియం. నాలుగు రోజుల్లో చదరపు రంధ్రం గుండ్రంగా అరిగిపోతుంది. ఆ తర్వాత షాపు కుర్రాడు అన్నమాటే నిజమవుతుంది.


సగంపెడల్ | శనివారం ఉదయం 10.15

బాబాయ్ గారూ, చేశాను. అరచేతికి ఇసక కాదు, కంకరే తగిలింది. రెండు క్రాంకులూ కలిసే ఊగుతున్నాయి, చివర దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల ఆట ఉంది.


ఫిట్టర్_బాబాయ్ | శనివారం ఉదయం 10.32

అయితే బీబీయే. క్రాంకులూ చైన్ వీలూ మార్చాల్సిన పనిలేదు. క్రాంక్ మధ్యలో ఉన్న ప్లాస్టిక్ మూత ఊడదీసి ఫోటో పెట్టండి.


విశాఖ_గాలి | మధురవాడ | శనివారం ఉదయం 11.00

ఫోటో వచ్చేలోపు అందరికీ ఉపయోగపడుతుందని చెప్తున్నా. మన ఊళ్లలో తిరిగే సైకిళ్లలో ఎక్కువగా మూడు రకాలుంటాయి.

పాత నల్ల సైకిళ్లకి క్రాంక్‌కి అడ్డంగా దిగే కాటర్ పిన్ ఉంటుంది, లోపల కప్పులు, విడి గోళీలు. గేర్ల సైకిళ్లలో మధ్య ధర వాటికి చదరపు ఇరుసు, బేరింగులన్నీ ఒకే డబ్బాలో సీలు వేసిన కార్ట్‌రిడ్జి. ఖరీదైన వాటికి కప్పులు ఫ్రేము బయటే కనిపిస్తాయి, లోపల 24 మి.మీ. బోలు ఇరుసు. నాది ఈ మూడో రకం. సముద్రం పక్కన ఉంటాం కదా, ఉప్పుగాలికి రెండేళ్లకోసారి కప్పులు మారుస్తున్నా.


సగంపెడల్ | శనివారం మధ్యాహ్నం 12.10

ఫోటో పెట్టాను. మధ్యలో బోల్టుకి 8 మి.మీ. అలెన్ కీ పడుతోంది. ఆ బోల్టు చుట్టూ క్రాంక్ లోపల మరలున్నాయి.


ఫిట్టర్_బాబాయ్ | శనివారం మధ్యాహ్నం 12.25

చదరపు ఇరుసు, కార్ట్‌రిడ్జి. నేర్చుకోవడానికి మంచి రకం. లోపల సర్దుబాటు చేయాల్సింది ఏమీ ఉండదు. పాతది తీసి కొత్తది బిగించడమే.

మీ దగ్గర లేనివి రెండు. ఒకటి క్రాంక్ పుల్లర్. బోల్టు తీసినంత మాత్రాన క్రాంక్ రాదు, ఇరుసు మీద గూటంలా బిగుసుకుని ఉంటుంది. పుల్లర్‌తోనే లాగాలి, సుత్తితో కాదు. రెండోది షిమానో తరహా 20 పళ్ల బీబీ టూలు, దాన్ని తిప్పడానికి 32 మి.మీ. పానా. మీ అడ్జస్టబుల్ పానా నోరు అంత తెరుచుకుంటే అదే చాలు. రెండు టూళ్లూ కలిపి షాపులో ఒక ఓవరాయిలింగ్‌కి అయ్యేంత కూడా కావు. రాణిగంజ్‌లో తిరిగితే పానా దొరుకుతుంది. సైకిల్ టూళ్లు మాత్రం ఆన్‌లైన్‌లోనే తేలిక.

పుల్లర్ సంగతి ఒకటి జాగ్రత్త. క్రాంక్ లోపలి మరలు అల్యూమినియంవి, పుల్లర్ ఉక్కుది. ముందు పుల్లర్ మధ్య మరని పూర్తిగా వెనక్కి తిప్పేయండి. బయటి భాగాన్ని చేత్తోనే, అడ్డం పడకుండా, చివరిదాకా ఎక్కించండి. అప్పుడే మధ్య మర తిప్పాలి. సగం మాత్రమే ఎక్కించి లాగితే ఆ మరలు తునిగి పుల్లర్‌తో బయటికొచ్చేస్తాయి. బోల్టుతో పాటు లోపల వాషరేమైనా మిగిలిందేమో కూడా చూడండి. అది ఉండగా పుల్లర్ వేసి మరలు పోగొట్టుకున్నవాళ్లని చూశాను.


కాలవగట్టు | తణుకు | శనివారం మధ్యాహ్నం 2.45

బాబాయ్ గారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా నాన్నగారి 22 అంగుళాల నల్ల సైకిలు. ఆయన ఇప్పటికీ దాని మీదే చేలోకి వెళ్తారు. క్రాంక్ టకటకలాడుతోంది. కాటర్ తీద్దామని సుత్తితో చిన్నచిన్నగా కొడితే పిన్ తల పుట్టగొడుగులా విచ్చుకుంది, ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. నాన్నగారు చూసి నవ్వుతున్నారు కానీ ఎలా తీయాలో మాత్రం చెప్పట్లేదు.


ఫిట్టర్_బాబాయ్ | శనివారం మధ్యాహ్నం 3.30

అమ్మా, ఆయన నవ్వుకి కారణం నాకు తెలుసు. ఆయన కూడా మొదటిసారి అలాగే చేసుంటారు.

కాటర్‌ని చిన్నచిన్నగా కొట్టకూడదు. ఒక్కటే దెబ్బ, గట్టిగా. కానీ ఆ దెబ్బ ఎక్కడికి పోతుందన్నదే అసలు సంగతి. కింద ఆధారం లేకుండా కొడితే బలమంతా ఇరుసు గుండా గోళీల మీద పడుతుంది, కప్పుల్లో గోళీల అచ్చులు పడతాయి. అందుకని నేల నుంచి క్రాంక్ దాకా సరిగ్గా ఆనేలా ఒక ఇనప గొట్టం ముక్క కోసి, క్రాంక్ కింద నిలబెట్టాలి. పిన్ జారి ఆ గొట్టం బోలులోకి దిగాలి. ఇప్పుడు బరువంతా గొట్టం మోస్తుంది, బేరింగుకి ఏమీ తగలదు.

కొట్టేది నట్టు ఉన్న వైపు. నట్టుని పూర్తిగా తీసేయకండి, పిన్ చివరకి సమంగా వచ్చేలా వదులు చేయండి. దెబ్బ నట్టు మీద పడుతుంది, పిన్ మరలు బతుకుతాయి. మీ పిన్ ఎలాగూ పాడైంది కాబట్టి కొత్తది కొనాల్సిందే. పాతది పట్టుకెళ్లి లావు చూపించి తెచ్చుకోండి, అన్ని కాటర్లూ ఒకే లావు కావు. ముందురోజు రాత్రి కాస్త కిరసనాయిలు పోసి ఉంచండి.


కాలవగట్టు | ఆదివారం ఉదయం 8.50

వచ్చేసింది బాబాయ్ గారూ! గొట్టం పెట్టాక రెండో దెబ్బకే టప్పున దిగింది. మొదటి దెబ్బ నేను కొట్టాను, రెండోది నాన్నగారు. ఇప్పుడు ఊరంతా తనే తీశానని చెప్పుకుంటున్నారు.

లోపల ఒక పక్క 11 గోళీలు, ఇంకో పక్క 10. పదకొండోది ఫ్రిజ్ కిందికి దొర్లిందని నాన్నగారి అనుమానం, ఎప్పుడో పొడైపోయిందని నాది.


ఫిట్టర్_బాబాయ్ | ఆదివారం ఉదయం 9.15

పావు అంగుళం గోళీలు పక్కకి 11 ఉంటాయి. ఒక్కటి తెచ్చి కలపకండి, 22 కొత్తవే వేయండి. అరిగినవాటి మధ్య ఒక్క కొత్తది పెడితే అదొక్కటే కాస్త పెద్దది అవుతుంది, బరువంతా దాని మీదే పడుతుంది.

గోళీలు కొనే ముందు కప్పుల్నీ ఇరుసునీ కిరసనాయిల్లో కడిగి గోళీ నడిచిన దారిని గోటితో తడమండి. నున్నటి చార ఉంటే ఫర్వాలేదు. గోరు తట్టుకునే గుంటలుంటే ఆ కప్పు, ఇరుసు మార్చాల్సిందే, కొత్త గోళీలు వేసినా నెలకి మళ్లీ అదే శబ్దం. కప్పు నిండా గ్రీజు పెట్టి గోళీలు అందులో ఒక్కొక్కటి గుచ్చండి, పడిపోవు.

బిగించేటప్పుడు రెండు కాటర్లూ ఎదురెదురు దిశల్లో దిగాలి. రెండూ ఒకే వైపు నుంచి దించితే పెడళ్లు ఒకే గీతలో ఉండవు, తొక్కేటప్పుడు కుంటుతున్నట్టు ఉంటుంది. పిన్‌ని సుత్తితో కూర్చోబెట్టి తర్వాతే నట్టు బిగించాలి. నట్టు పిన్‌ని లాగుతుందనుకోవద్దు, అది కాపలా మాత్రమే. రెండు రోజులు తొక్కాక మళ్లీ ఒక దెబ్బ వేసి నట్టు బిగించండి.


సగంపెడల్ | బుధవారం రాత్రి 8.10

టూళ్లు వచ్చాయి. క్రాంకులు రెండూ పుల్లర్‌తో వెన్నలా వచ్చేశాయి. ఇప్పుడు బీబీ దగ్గర ఆగిపోయాను. ఎడమవైపు కప్పు వచ్చింది. కుడివైపుది గంట నుంచి తిప్పుతున్నా కదలదు. చేతులు ఎర్రబడ్డాయి. అసలు ఏ వైపుకి తిప్పాలి? ఒక వీడియోలో ఒకలా, ఇంకో వీడియోలో ఇంకోలా ఉంది.


గాలిపంపు | బుధవారం రాత్రి 8.25

కుడి చేతి వైపు బిగుసుద్ది, ఎడమ చేతి వైపు వదులైద్ది అన్నా. నల్లా తిప్పినట్టే.


విశాఖ_గాలి | బుధవారం రాత్రి 8.31

గాలిపంపూ, వద్దు బ్రో! కుడివైపు కప్పుకి ఉల్టా థ్రెడ్డు. నల్లా తిప్పినట్టు తిప్పితే ఇంకా బిగుస్తుంది.


సగంపెడల్ | బుధవారం రాత్రి 8.34

అంటే నేను గంట నుంచి బిగిస్తున్నానా??


ఫిట్టర్_బాబాయ్ | బుధవారం రాత్రి 8.50

టెన్షన్ పడకండి. పానా పక్కన పెట్టి మంచినీళ్లు తాగండి. సైకిలు తలకిందులుగా ఉందా, నిలబెట్టి ఉందా?


సగంపెడల్ | బుధవారం రాత్రి 8.52

తలకిందులుగా. సీటు మీద.


ఫిట్టర్_బాబాయ్ | బుధవారం రాత్రి 9.20

అదే అనుకున్నాను. తలకిందులు చేస్తే ముందు వెనకవుతుంది, మెదడు కూడా తలకిందులవుతుంది. సైకిలుని నిలబెట్టి గోడకి ఆనించండి.

మన దగ్గర దొరికే ఎక్కువ గేర్ల సైకిళ్లది ఇంగ్లీషు మర, అంగుళానికి 24 చుట్లు. ఇందులో ఎడమవైపు కప్పు మామూలు మర, కుడివైపుది ఎదురు మర. కుడి కప్పు విప్పాలంటే ఆ వైపు నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిప్పాలి. గుర్తుండటానికి నేను చెప్పేది ఇది: సైకిలు నిలబడి ఉన్నప్పుడు పానా పిడి పైకి ఉండేలా పెట్టి ముందు చక్రం వైపుకి తోస్తే వదులవుతుంది. ఎడమ కప్పుకైనా కుడి కప్పుకైనా అంతే. వెనక చక్రం వైపుకి తోస్తే బిగుస్తుంది. పెడళ్లకి సరిగ్గా దీనికి వ్యతిరేకం, పానా పైన పెట్టి వెనక్కి తోస్తే వదులు.

ఎందుకిలా అని అడుగుతారు. అడగకపోయినా చెప్తాను, రిటైరయ్యాక వినేవాళ్లు దొరకడం కష్టం. ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కలిపి ఉంగరంలా చేయండి. అందులో ఒక పెన్సిలు వదులుగా నిలబెట్టండి. పెన్సిలు ఉంగరం లోపలి అంచుకి ఆనుతూ ఉండేలా కుడిచేత్తో దాని పై కొసని గడియారం దిశలో చుట్టూ తీసుకెళ్లండి. గట్టిగా పట్టుకోకుండా చేస్తే పెన్సిలు మాత్రం తన చుట్టూ తాను ఎదురు దిశలో దొర్లుతుంది. సైకిల్లో బరువు కప్పు లోపల అలా చుట్టూ తిరుగుతుంటుంది, కప్పు ఫ్రేములో ఏ కాస్త వదులున్నా ఎదురు దిశకి దొర్లాలని చూస్తుంది. కుడివైపు మామూలు మరే ఉంటే రోజూ కొంచెం కొంచెం విప్పుకుంటూ పోతుంది. అందుకే అక్కడ ఎదురు మర. ఇటాలియన్ మరలో రెండు వైపులా మామూలు మరే ఉంటుంది, దానికి కుడి కప్పు వదులవుతుందన్న చెడ్డపేరు అందుకే వచ్చింది.

క్రాంక్ మధ్యలో మీరు ఇందాక తీసిన బోల్టులు మాత్రం రెండు వైపులా మామూలు మరే. దాన్నీ దీన్నీ కలపొద్దు.


నెదర్లాండ్స్_నాయుడు | ఐండ్‌హోవెన్ | బుధవారం రాత్రి 11.40

ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, కప్పులు ఫ్రేముకి అతుక్కుపోతాయి. నాకు పనిచేసిన చిట్కా ఒకటి: టూలుని కప్పులో పెట్టి, క్రాంక్ బోల్టునే ఒక పెద్ద వాషరుతో ఇరుసులోకి ఎక్కించి టూలుని పట్టి ఉంచేలా చేయండి. పూర్తిగా బిగించొద్దు. ఇక టూలు జారి పళ్లు చెక్కుకుపోయే ప్రమాదం ఉండదు. పానాకి రెండడుగుల నీళ్ల పైపు తొడిగి, మోకాలి బలం వాడండి. కప్పు కదిలిన వెంటనే బోల్టు కాస్త వదులు చేయండి.


సగంపెడల్ | గురువారం రాత్రి 9.05

వచ్చింది!!! రాత్రి తుప్పు వదిలే నూనె పోసి ఉంచాను. ఈరోజు నిలబెట్టి, వాషరు పెట్టి, పాత మాప్ కర్ర గొట్టం పానాకి తొడిగి ముందుకి తోశాను. పిస్టల్ పేలినట్టు ఒక్క శబ్దం. పక్క ఫ్లాటాయన తలుపు తీసి చూశారు.

దాంతోపాటు ఫ్రేము గొట్టంలోంచి గరిటెడు ఎర్ర నీళ్లు. ఆ నీళ్లు ఎక్కడి నుంచి?


విశాఖ_గాలి | గురువారం రాత్రి 9.30

సీటు గొట్టం దగ్గర నుంచి, బాటిల్ స్క్రూల దగ్గర నుంచి వాన నీళ్లు దిగుతాయి బ్రో. బీబీ గొట్టమే అన్నిటికంటే కింద ఉంటుంది, అక్కడే నిలబడతాయి. సైకిలు తలకిందులు చేసి కడిగే అలవాటుంటే ఇంకా ఎక్కువ. ప్రెషర్ గన్ అయితే సీలు దాటించి మరీ పంపిస్తుంది. గొట్టం అడుగున చిన్న రంధ్రం ఉంటే మట్టి తీసి తెరిచి పెట్టు, నీళ్లు దిగిపోతాయి.


ఫిట్టర్_బాబాయ్ | గురువారం రాత్రి 9.45

పాత కార్ట్‌రిడ్జి ఒంటి మీద అంకెలుంటాయి, చదివి చెప్పండి.


సగంపెడల్ | గురువారం రాత్రి 9.52

తుడిస్తే 68, 122.5 అని కనిపిస్తోంది.


ఫిట్టర్_బాబాయ్ | గురువారం రాత్రి 10.10

68 మీ ఫ్రేము గొట్టం వెడల్పు, మిల్లీమీటర్లలో. 73 ఉన్నవి కూడా వస్తాయి, స్కేలుతో ఒకసారి కొలిచి చూసుకోండి. 122.5 ఇరుసు పొడవు. కొత్తది అదే పొడవుది తెచ్చుకోండి. "కొంచెం తేడానే సార్, పడుతుంది" అంటే వినొద్దు. పొట్టిదైతే చైన్ వీలు ఫ్రేముకి రాసుకుంటుంది, పొడవుదైతే చైను ఓరగా నడుస్తుంది, ముందు గేరు సరిగా పడదు.


సగంపెడల్ | ఆదివారం ఉదయం 6.30

122.5 కార్ట్‌రిడ్జి నిన్న వచ్చింది. బిగించడానికి 50 నుంచి 70 న్యూటన్ మీటర్లు అని కాగితంలో ఉంది. నా దగ్గర టార్క్ రెంచి లేదు. ఎంత బలం పెట్టాలి?


ఫిట్టర్_బాబాయ్ | ఆదివారం ఉదయం 7.00

ఇరుసు నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పానాకి మీ ఇంటి 26 కిలోల బియ్యం బస్తా వేలాడదీశారనుకోండి, దాదాపు 64 న్యూటన్ మీటర్లు. జీఎస్టీ పుణ్యమా అని బస్తా 25 నుంచి 26కి పెరిగింది కానీ మన లెక్కకి ఇబ్బందేమీ లేదు. నిజంగా వేలాడదీయొద్దు, బాత్రూమ్ తూకం మీద చెయ్యి నొక్కి 26 కిలోలు అంటే ఎంతో ఒకసారి చూసుకోండి, చేతికి తెలిసిపోతుంది.

ముందు ఫ్రేము మరల్ని పాత టూత్ బ్రష్, కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి గ్రీజు రాయండి. గ్రీజు ఇప్పుడు తిరగడానికి కాదు, ఆరేళ్ల తర్వాత మళ్లీ తీయడానికి. కార్ట్‌రిడ్జిని కుడివైపు నుంచి ఎక్కించాలి. మొదటి మూడు నాలుగు చుట్లు చేత్తోనే తిరగాలి. చేత్తో తిరగకపోతే మర అడ్డం పడ్డట్టే, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి. అక్కడ పానా వేసిన రోజున మీ ఫ్రేము పోతుంది. కుడిది పూర్తిగా కూర్చున్నాక ఎడమ కప్పు.


విశాఖ_గాలి | ఆదివారం ఉదయం 7.20

క్రాంక్ ఎక్కించే ముందు ఇరుసు చదరపు ముఖాలకి కూడా పలచగా గ్రీజు రాయి బ్రో, కిర్రుమనదు.


ఫిట్టర్_బాబాయ్ | ఆదివారం ఉదయం 7.35

ఇక్కడ నాకూ విశాఖకీ పడదు. బోల్టు మరలకి గ్రీజు తప్పనిసరి. చదరానికి నేను పొడిగానే తుడిచి ఎక్కిస్తాను. గ్రీజు ఉంటే క్రాంక్ మరీ లోపలికి జారి రంధ్రం సాగుతుందని నా భయం.


విశాఖ_గాలి | ఆదివారం ఉదయం 7.41

పదేళ్లుగా రాస్తున్నాను బాబాయ్ గారూ, ఒక్కటీ సాగలేదు.


ఫిట్టర్_బాబాయ్ | ఆదివారం ఉదయం 7.48

నేను నలభై ఏళ్లుగా పొడిగా వేస్తున్నాను, ఒక్కటీ కిర్రుమనలేదు. సగంపెడల్ గారూ, ఒకవైపు రాసి ఒకవైపు వదిలేయండి, ఎవరు గెలుస్తారో చూద్దాం. హాస్యానికి అంటున్నా. ఏది చేసినా క్రాంక్ బోల్టు మాత్రం 35 నుంచి 50 మధ్య బిగించండి. వంద కిలోమీటర్లు తొక్కాక ఒకసారి సరిచూడండి. ప్రతి ఆదివారం మాత్రం బిగించకండి, అప్పుడు నిజంగానే సాగుతుంది.


గాలిపంపు | ఆదివారం ఉదయం 8.00

విశాఖ అన్నా, మీ బయటి కప్పుల రకం ఇంతకంటే కష్టమా?


విశాఖ_గాలి | ఆదివారం ఉదయం 8.20

తేలికే బ్రో. పుల్లర్ అక్కర్లేదు. ఎడమ క్రాంక్‌కి రెండు చిన్న బోల్టులు, ఒక ప్లాస్టిక్ మూత. అవి తీస్తే ఇరుసు మొత్తం కుడివైపు నుంచి బయటికి వస్తుంది. 16 గాట్ల రింగు పానాతో కప్పులు విప్పడమే, దిశ మాత్రం బాబాయ్ గారు చెప్పినట్టే.

ఒకసారి ఆ ప్లాస్టిక్ మూతని నా బలమంతా పెట్టి బిగించాను. అది ఇరుసులో ఆట పోగొట్టడానికి మాత్రమే, వేళ్లతో తిప్పినంత చాలు. నేను బిగించిన బిగింపుకి కొత్త బేరింగులు మూడు నెలలకే గరగరలాడాయి. బరువు మోసేది ఆ రెండు చిన్న బోల్టులు, వాటిని ఒకటి కొంచెం, ఇంకోటి కొంచెంగా మార్చి మార్చి 12 నుంచి 14 న్యూటన్ మీటర్లకి తేవాలి.


సగంపెడల్ | ఆదివారం మధ్యాహ్నం 1.15

అయిపోయింది. కుడి కప్పు చేత్తో నాలుగు చుట్లు తిరిగింది, ఆ తర్వాత పానా. క్రాంక్‌ని చైను లేకుండా ఒక్క తోపు తోస్తే మెత్తగా తిరుగుతూ దానంతటదే ఆగింది. అరచేతికి ఏమీ తెలియలేదు. మా అబ్బాయి పాత కార్ట్‌రిడ్జిని అడిగి తీసుకున్నాడు, బొంగరంలా తిప్పుతున్నాడు, ఇల్లంతా గరగర.

సాయంత్రం ట్రాక్ మీద చూసి చెప్తాను.


సగంపెడల్ | ఆదివారం రాత్రి 8.45

గరగర లేదు. ఆట లేదు. కానీ ఎత్తు ఎక్కేటప్పుడు ఆ టక్ టక్ అలాగే ఉంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.


కాలవగట్టు | ఆదివారం రాత్రి 9.00

అయ్యో.


ఫిట్టర్_బాబాయ్ | ఆదివారం రాత్రి 9.10

మొదటి రోజే రెండు శబ్దాలు రాశారు మీరు. గరగర ఒకటి, టక్ టక్ ఒకటి. నేనూ గరగర పట్టుకుని రెండోదాన్ని వదిలేశాను, తప్పు నాదే. బీబీ ఎలాగూ పోయింది కాబట్టి మీ డబ్బు వృథా కాలేదు.

ఇప్పుడిది చూడండి. సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కితే వస్తుందా? రాకపోతే సీటు పట్టీ. వస్తే, కుడికాలు దించినప్పుడా, ఎడమకాలు దించినప్పుడా?


సగంపెడల్ | సోమవారం ఉదయం 9.30

నిలబడినా వస్తోంది. ఎడమకాలు దించినప్పుడే, రౌండుకి ఒక్కసారి.


ఫిట్టర్_బాబాయ్ | సోమవారం ఉదయం 9.48

ఎడమ పెడలు విప్పి మరలు తుడిచి, గ్రీజు రాసి, గట్టిగా బిగించండి. ఎడమ పెడలుది ఎదురు మర. బీబీకి ముందుకి, పెడలుకి వెనక్కి. మళ్లీ గంటసేపు బిగించకండి!


సగంపెడల్ | సోమవారం రాత్రి 8.20

పోయింది. పెడలు మరల్లో ఇసక, అస్సలు గ్రీజు లేదు. ఐదు నిమిషాల పని.

పుల్లరు, 20 పళ్ల టూలు నా దగ్గర ఖాళీగానే ఉంటాయి. నల్లగండ్ల, తెల్లాపూర్ వైపు ఎవరికైనా కావాలంటే ఇక్కడే మెసేజ్ పెట్టండి. మాప్ కర్ర మాత్రం ఇవ్వలేను, ఇంట్లో అడుగుతున్నారు.


గాలిపంపు | సోమవారం రాత్రి 8.35

అన్నా, నాది మళ్లీ గరగరమంటోంది. హన్మకొండకి పంపిస్తావా?